కొల్లేటి గట్టున ఒక డిగ్రీ ప్రాజెక్టు

(పెదపాడులో డిగ్రీ విద్యార్థినులు, స్త్రీల సంఘాల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధన ఎలా చెయ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. పద్ధతుల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి, అవి మీరు చదువుకోగలరు. నేను ఒక అమ్మాయి ప్రాజెక్టు గురించి చెప్తాను. ఆమె ఈ చుట్టుపక్కల అమ్మాయే. డిగ్రీలో పర్యాటక నిర్వహణ చదివింది. పేరు చెప్పొద్దంది. నేనిక్కడ చెప్పబోయేది ముందుగా ఆమెకి చదివి వినిపించి, సరేనన్నాకే వచ్చాను.

యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్ళు చివరి ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన చెయ్యొచ్చు. పల్లెటూరి పిల్లలు సొంతంగా ప్రశ్న వేసుకుని, సొంతంగా జవాబు వెతుక్కోవటం కన్నా కావలసిందేముంది? కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ ఆ వెతుక్కోవటానికి బయటికెళ్ళాలి. ఎవరు వెళ్ళగలరు, ఎప్పుడు వెళ్ళగలరు, వెళ్ళి ఎన్ని గంటలకి ఇంటికి రావాలి అన్నవి కాగితం మీద ఉండవు. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మన అమ్మాయి పరిశోధన చేసింది ఆ 299 నిమిషాలు పోగా మిగిలిన రోజులో.

ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు తోటి విద్యార్థులు చాలామంది జిరాక్సు షాపులో తయారుగా దొరికే ప్రాజెక్టు కొనుక్కుంటున్నారు. పైన అట్ట మారుస్తే సరిపోతుంది. తనకి మాత్రం సొంతంగా చెయ్యాలనుంది. విషయం "కొల్లేరులో పర్యాటకం." ప్రశ్నాపత్రం కూడా రాసుకొచ్చింది. మీరు ఎక్కడినుంచి వచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు, సౌకర్యాలు ఎలా ఉన్నాయి, మళ్ళీ వస్తారా అని ఇరవై ప్రశ్నలు. అన్నీ చూడటానికి వచ్చేవాళ్ళని అడిగేవే. అక్కడే ఉండేవాళ్ళని అడిగేది ఒక్కటీ లేదు.

ఆమెని తప్పుపట్టటానికి లేదు. పర్యాటక శాస్త్రం పుస్తకాలు చాలావరకు అలాగే ఉంటాయి. సరస్సంటే పక్షులు, పడవలు, సూర్యాస్తమయం. కానీ కొల్లేరు ఎవరో చూడటానికి పుట్టిన బొమ్మ కాదు కదా. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళు ఇందులో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోతాయి. మావులు పెట్టి, దోనెల మీద తిరిగి చేపలు పట్టి బతికిన లంక గ్రామాలు ఇక్కడివి. 1970లలో సొసైటీల పేరుతో చేపల చెరువులొచ్చాయి. తర్వాత వాటిలో చాలా భాగం లీజుల మీద డబ్బున్నవాళ్ళ చేతిలోకి పోయింది. 1999లో +5 కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో చెరువు గట్లు పడగొట్టారు. ఈ ప్రతి మలుపులోనూ ఆడవాళ్ళ కూలి, మంచినీళ్ళు, వంటచెరుకు మారిపోయాయి. ఏ మలుపులోనైనా వాళ్ళనెవరైనా అడిగారా? ఇప్పుడు పర్యాటకం అంటున్నాం. ఇప్పుడైనా అడుగుతామా?

ఇదే ఆమెతో అన్నాను. ఆమె ప్రశ్నాపత్రం పక్కన పెట్టి గట్టు మీద కూర్చోవటం మొదలుపెట్టింది. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి జనం వచ్చే రోజులు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరనాళ్ళ రోజులు. బజ్జీలు వేసేవాళ్ళు, పూలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్ళు, వచ్చినవాళ్ళు పారేసిన ప్లాస్టిక్ ఏరేవాళ్ళు, చేపలు తోమేవాళ్ళు, ఎటు చూసినా ఆడవాళ్ళే. అడిగితే మాత్రం "మాదేవుందండి, మా ఆయన్నడగండి" అనేవాళ్ళు. బండి మొగుడి పేరు మీద, స్థలం ఇంకెవరి దయ మీదో. పని ఒక్కటే ఆమెది.

మూడో వారం ఆమె నాకొక విషయం చెప్పింది. "మేడమ్, నేను ఫీల్డుకెళ్ళిన రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగను." ఎందుకని అడిగితే సిగ్గుపడింది. వెళ్ళటానికి చోటు లేదు. దానికేముంది, అందరికీ ఉండేదే కదా అంది. అక్కడ ఆపి, "మరి గట్టు మీద బజ్జీలేసే ఆమె తాగుతుందా?" అన్నాను. మర్నాడు వెళ్ళి అడిగింది. ఆమె నవ్వి, "పొయ్యి దగ్గర కూర్చుని నీళ్ళు తాక్కుండా ఉండటం నేర్చుకోవాలి పాపా, మొదట్లో కళ్ళు తిరుగుతాయి, తర్వాత అలవాటైపోద్ది" అందట. పక్కనున్నామె ఆ మాటందుకుంది. వెనకామె అందుకుంది. అంతవరకూ మొగుణ్ణడగమన్నవాళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుని గంటసేపు మాట్లాడారు.

ఆ రోజు ప్రాజెక్టుకి ప్రాణం వచ్చింది. తన శరీరానికి తెలిసిన విషయాన్ని పరిశోధన కాదనుకుని ఆమె వదిలేసింది. స్త్రీలుగా మనం నేర్చుకోవలసిన మొదటి పద్ధతి ఇదే అనుకుంటాను. మన ఇబ్బందిని మన ఒక్కళ్ళ ఇబ్బందిగా దాచుకోకుండా, పక్కావిడకి కూడా ఉందేమో అడగటం.

ఇక చెప్పటం కష్టమైన భాగం. ఒకరోజు పడవల దగ్గర, సమాచారం ఇస్తానన్న ఒక మనిషి ఆమెతో అసభ్యంగా ప్రవర్తించాడు. ఆమె ఇంట్లో చెప్పలేదు. చెప్తే చదువు ఆగిపోతుంది. కాలేజీలో ఒకరికి చెప్తే, "ఆడపిల్లకి ఫీల్డెందుకు, లైబ్రరీలో కూర్చుని రాసుకో" అన్నారు. అప్పుడు నాకు చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "ముందు ప్రాజెక్టు పూర్తి చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాను. ఇరవై ఏళ్ళుగా స్త్రీల హక్కుల మీద ఉపన్యాసాలిచ్చే నేనే ఆ మాటన్నాను. గడువు దగ్గర పడుతోంది, ఆమె ఏడాది పోతుందని భయపడ్డాను. నా భయం నిజమే, కానీ నేనిచ్చిన సలహా తప్పు. ఫిర్యాదు రాతపూర్వకంగా మూడు నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. మేం "తర్వాత" అనుకునేసరికి ఆ గడువులన్నీ దాటిపోయాయి.

అందుకే ఇవాళ ఈ విషయాన్ని విడమరిచి చెప్తున్నాను, రాసుకోండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నచోట, అసంఘటిత రంగంలో పనిచేసే స్త్రీల కోసం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. పడవల దగ్గరా, రొయ్యల షెడ్డులోనూ పనిచేసే ఆడవాళ్ళు కూడా దాని దగ్గరికి వెళ్ళొచ్చు. విద్యాసంస్థల కోసం యూజీసీ చేసిన నిబంధనలు 2016లో అమలులోకి వచ్చాయి. వాటిలో "క్యాంపస్" అంటే ప్రహరీగోడ లోపలి స్థలం మాత్రమే కాదు. క్షేత్ర పర్యటనలు, ఇంటర్న్‌షిప్పులు, స్టడీ టూర్లు జరిగే చోట్లు కూడా అందులోకి వస్తాయి. కొల్లేటి గట్టు కూడా మీ క్యాంపసే. "ఫీల్డెందుకు" అని మీ కాలు కట్టెయ్యటం కాదు, ఫీల్డులో మీకు రక్షణ కల్పించటం కాలేజీ బాధ్యత.

సంఘాల్లో పనిచేసే మిత్రులకి ఒక మాట. మీ ఊరి కాలేజీకి వెళ్ళి కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడ రాసిపెట్టారో అడగండి. జిల్లా స్థానిక కమిటీ ఎక్కడ కూర్చుంటుందో కలెక్టరాఫీసులో కనుక్కోండి. ప్రాజెక్టుకి వెళ్ళే అమ్మాయిలు ఇద్దరిద్దరుగా వెళ్ళే ఏర్పాటు, బస్సు ఖర్చు, ఆ ఊళ్ళో మన సంఘం మనిషి ఇంట్లో కాస్త కూర్చునే చోటు, ఇవి మనం చెయ్యగల పనులే.

ప్రాజెక్టు పూర్తయింది. ప్రపంచ పర్యాటక సంస్థ 2019 నివేదిక ప్రకారం ఈ రంగంలో పనిచేసేవాళ్ళలో 54 శాతం స్త్రీలు, వాళ్ళ సంపాదన మగవాళ్ళ కంటే 14.7 శాతం తక్కువ. ఆమె ఈ అంకెతో మొదలుపెట్టి గట్టు మీది మాటలతో ముగించింది. కేరళలో వేంబనాడు ఒడ్డున కుమరకంలో 2008 ప్రాంతంలో కుటుంబశ్రీ స్త్రీలు హోటళ్ళకి కూరగాయలు సరఫరా చెయ్యటం గురించి చదివి, మన దగ్గర అలాంటిది రావాలంటే ముందు ఏం కావాలో రాసింది. మరుగుదొడ్డి, మంచినీళ్ళు, ఆడవాళ్ళ పేరు మీద అమ్ముకునే చోటు. వైవాలో "ఇందులో మేనేజ్‌మెంట్ ఎక్కడుంది?" అని అడిగారట. "నిర్వహిస్తున్నది వీళ్ళేనండి" అని జవాబు చెప్పి వచ్చింది.

తర్వాత మేమిద్దరం ఆ గట్టుకి వెళ్ళి రాసినదంతా చదివి వినిపించాం. బజ్జీలావిడ శ్రద్ధగా విని, "ఇందులో నా పేరు లేదేంటి?" అంది. పేర్లు దాచటం పరిశోధన నీతి అనీ, ఆమెకి ఇబ్బంది రాకూడదనీ వివరించాను. "దొంగతనం చేసినోళ్ళ పేరు దాచాలి గానీ, నా పేరెందుకండి దాచటం?" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. అసభ్యంగా ప్రవర్తించిన మనిషి పేరు మా ఇద్దరి దగ్గరే ఉండిపోయింది. ఎండలో నీళ్ళు తాక్కుండా పనిచేసినావిడ పేరు కాగితంలోంచి కొట్టేశాం. ఎవరి పేరు ఎందుకు దాస్తున్నాం? ఈసారి ప్రాజెక్టు మొదలుపెట్టబోయే అమ్మాయిలు ఆ ప్రశ్న ముందే వేసుకోండి. పేరు ఉండాలో వద్దో ఆ ఆడవాళ్ళనే అడగండి. సెలవు.