పుట్టినచోట ఒకటి, ప్రాకినచోట మరొకటి

"ఏండ్ల క్రిందటనే ముక్క తీసి పరీక్షించిరి గదా, మరల నెందుకు?" అని ప్రోస్టేటు క్యాన్సరు రోగులు అడుగుట కలదు. ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పుదుము.

ఈ వ్యాధి తరచుగా వెన్నెముకకు, కటి యెముకలకు ప్రాకును. అచ్చటిదియు ప్రోస్టేటు క్యాన్సరే. కాని తల్లికణితికి అచ్చమైన ప్రతిబింబము కాదు. తల్లికణితిలోని కణములన్నియు ఒక్కతీరు కావు. కొన్ని మాత్రమే వలసపోవును. పోయినచోట వాని జన్యువులలో క్రొత్త మార్పులు చేరును.

పురుష హార్మోనును తగ్గించినచో ఈ వ్యాధి లొంగునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపెను. అయినను కొంతకాలమునకు కణితి మరల పెరుగవచ్చును. హార్మోనును అందుకొను గ్రాహకపు జన్యువునకు అదనపు ప్రతులు, చికిత్స పొందని తల్లికణితిలో అరుదు; చికిత్సకు లొంగని కణితులలో తరచుగా కనిపించును. అట్టి కణములకు కొద్దిపాటి హార్మోనే చాలును.

2015లో 10 మంది రోగుల కణితులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ప్రాకిన కణితినుండి మరియొక చోటికి కూడ వ్యాధి ప్రాకుటను గుర్తించిరి.

కావున పాత ముక్క నేటి వ్యాధిని పూర్తిగా తెలుపజాలదు. వైద్యుడు మరల ముక్కనో, రక్తమునో పరీక్షింపగోరినచో వెనుదీయవలదని మా మనవి.