సబ్బుతో చేతులు: ఒక ప్రచార చరిత్ర

చేతులు కడుక్కోమనే ప్రచారం మొదట వైద్యులకే అవసరమైంది. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కున్నాకే గర్భిణులను పరీక్షించాలని నియమం పెట్టాడు. బాలింత జ్వరం మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. కళ్లెదుట రుజువున్నా అలవాటు మారదని అప్పుడే తేలింది.

మన దగ్గరా అలవాటుదే పైచేయి. కృష్ణా డెల్టాలో నీటికి కొదవ లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక స్నానం, బట్టల ఉతుకు, గిన్నెలు తోమడం, గేదెలను కడగడం అన్నీ కాలువ రేవుల్లోనే సాగాయి. చేతులకు మట్టో, పొయ్యిలో బూడిదో వాడేవారు. సబ్బు వచ్చాక కూడా దానికి పని ఎక్కువగా భోజనం తర్వాతే. నెయ్యీ పచ్చడీ అంటిన చేతిని సబ్బుతో రుద్దుకునేవారు కూడా కంచం ముందు కూర్చోబోతూ నాలుగు చుక్కల నీళ్లతో సరిపెట్టుకుంటారు. నిజానికి సబ్బు అవసరం ఎక్కువ ఉన్నది అప్పుడే. క్రిములు చర్మం మీది జిడ్డును పట్టుకుని ఉంటాయి. ఉత్త నీళ్లకు ఆ జిడ్డు లొంగదు; సబ్బు దాన్ని విడగొట్టి నీటితో పంపేస్తుంది.

ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం 2008లో మొదలైంది. ఏటా అక్టోబరు 15న జరుపుతారు. కానీ ప్రచారానికి అసలు పాఠం నేర్పినవి చిత్తూరు జిల్లా పల్లెలు. 2011-12లో అక్కడ 14 గ్రామాల్లో ‘సూపర్ అమ్మ’ ప్రయోగం జరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ అందులో పాలుపంచుకున్నాయి. అతిసారం, క్రిములు అన్న ఊసే ఎత్తలేదు. బొమ్మల సినిమాలో ఒక తల్లి కొడుక్కి మంచి అలవాట్లు నేర్పుతుంది. నాటికలో లడ్డు లింగం మురికి చేతులతో లడ్డూలు చుడతాడు. చూసేవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఆపైన ఆడవాళ్లు ఊరందరి ఎదుట ప్రతిజ్ఞ చేశారు.

ఫలితాన్ని జనం చెప్పిన మాటను బట్టి లెక్కగట్టలేదు. పరిశోధకులు ఇళ్లలో కూర్చుని కళ్లతో చూశారు. మలవిసర్జన తర్వాత, వంటకూ భోజనానికీ ముందు సబ్బు వాడినవి మొదట 1 శాతం సందర్భాలే. ప్రచారం జరిగిన ఊళ్లలో ఆరు నెలలకు అది 37 శాతమైంది, పోలిక కోసం ప్రచారం చేయకుండా ఉంచిన ఊళ్లలో 6 శాతం. ఆ ఊళ్లలోనూ క్లుప్తంగా ప్రచారం చేశాక, ఏడాదికి రెండు చోట్లా 29 శాతం నిలిచింది. రోగభయం చేయలేని పనిని తల్లి ప్రేమ, ఏవగింపు, నలుగురిలో పరువు చేశాయి.

2014లో వచ్చిన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లలంతా కలిసి చేతులు కడుక్కోవాలంది. తోటివాళ్లు పక్కనే కడుక్కుంటుంటే పిల్లవాడికి వేరే బోధ అక్కర్లేదు. 2020లో కరోనా, ఇరవై సెకన్లు చేతులు రుద్దుకోవాలన్న లెక్కను ఇంటింటికీ చేర్చింది.

అయితే అలవాటున్నా శుభ్రమైన నీళ్లు లేకపోతే లాభం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. చుట్టూ నీళ్లే, చేతులు కడుక్కోవడానికి మాత్రం శుభ్రమైన నీళ్లు కరువు. వరద తీశాక ఇళ్లలోని బురదను ఫైరింజన్లతో కడిగించారు. అలాంటి రోజుల్లో భోజనం పొట్లం విప్పేది బురద అంటిన చేతులే. అందుకే పొట్లంతో పాటు మంచినీళ్లూ సబ్బు బిళ్లా కూడా అందించడం వరద సాయంలో భాగం కావాలి.