ఇంటిగుట్టు - పొరుగు రాజు



ఇంటిగుట్టు లంకకు చేటని మన సామెత. తన రాజ్యపు రహస్యము వెల్లడించి పరదేశమునకు పారిపోయినవానిని పరరాజు చేరదీయుట ధర్మమా, లాభమా యనునది ప్రాతప్రశ్నయే. విభీషణుడు సముద్రము దాటి వచ్చినపుడు సుగ్రీవుడు శంకించెను, హనుమంతుడు చేకొనవచ్చుననెను, రాముడు అభయమొసగెను. పంచతంత్రమున గుడ్లగూబల రాజు, రక్తాక్షుడను మంత్రి వలదన్నను వినక, కాకుల మంత్రికి చోటిచ్చి కోటను అగ్గిపాలు చేసికొనెను.

ఈ కాలమున ఇట్టి కథ ఎడ్వర్డ్ స్నోడెన్ అనువానిది. ఇతడు అమెరికా జాతీయ భద్రతా సంస్థకు పనిచేయు ఒక కంపెనీలో ఉద్యోగి. 2013 మే నెలలో హవాయి దీవులు విడిచి హాంకాంగు చేరి, ఆ సంస్థ రహస్య పత్రములను పత్రికలవారి చేతికిచ్చెను. నేరమేమియు చేయని కోట్లకొలది జనుల టెలిఫోను లెక్కలు దినదినము ప్రోగగుచున్నవని జూన్‌లో లోకమునకు తెలిసెను. వాషింగ్టనులోని మన రాయబార కార్యాలయము సైతము ఆ నిఘా జాబితాలో నున్నట్లు పత్రికలు వెల్లడించెను.

అమెరికా అతనిపై నేరములు మోపి, పాస్‌పోర్టు రద్దుచేసి, అప్పగింపుమని కోరెను. పంపిన కాగితములు చట్టప్రకారము సరిగా లేవని చెప్పి హాంకాంగు ప్రభుత్వము జూన్ 23వ తేదీన అతనిని పోనిచ్చెను. మాస్కో విమానాశ్రయమున అతడు దాదాపు 40 దినములు చిక్కువడెను. శరణు వేడిన దేశములలో మనదియు నొకటి. మన ప్రభుత్వము కాదనెను. బొలీవియా అధ్యక్షుని విమానములో అతడున్నాడేమోయని కొన్ని ఐరోపా దేశములు దారి యీయకపోగా, ఆ విమానము వియన్నాలో దిగవలసివచ్చెను. ఆగస్టు 1న రష్యా ఆశ్రయమిచ్చెను. 2022 సెప్టెంబరులో పౌరసత్వమొసగెను. హాంకాంగులోనే అతడు తమ రాయబారులను కలిసికొనెనని రష్యా అధ్యక్షుడు పుతిన్ పిదప ఒప్పుకొనెను.

ఇది కరుణయేనా? తన ప్రజల మాటలను తానును చాటుగా వినెడి రాజ్యమది. మరి అమెరికాయో? 2004లో మన విదేశీ గూఢచారశాఖ అధికారి రవీందర్ సింగ్ నేపాలు మీదుగా అమెరికాకు పారిపోయెను. అందుకు అమెరికా గూఢచారులే సాయపడిరని మనవారి అభియోగము. తనకు లాభమైనపుడు తలుపు తెరచుట, నష్టమైనపుడు ద్రోహమనుట రాజ్యముల నడవడి.

అయినను ఇరువురిని ఒకే గాట కట్టరాదు. ఒకడు పరరాజు చెవిలో గుట్టు ఊదెనని అభియోగము; మరియొకడు ఆ గుట్టు ఎవరిని గూర్చినదో ఆ ప్రజలకే చెప్పెను. 2020లో అమెరికా అప్పీలు న్యాయస్థానమొకటి ఆ టెలిఫోను లెక్కల సేకరణ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. అతనిపై నేరారోపణ మాత్రము తొలగలేదు.

మన ముదినేపల్లి కాలువల మాటగా చెప్పెదను. వంతునీరు రాత్రివేళ దారితప్పుచున్నదని ఒక లస్కరు రైతులకు చెప్పి, పైవారి కోపమునకు వెరచి పొరుగూరికి పోయెననుకొనుడు. ఆ యూరి పెద్ద మనయూరి మీది పగచేత వానికి చావడిలో చోటిచ్చెను. పెద్దయొక్క పగ లస్కరు మాటను అబద్ధము చేయదు. లస్కరు సత్యము ఆ పెద్దను ధర్మాత్ముని చేయదు. మనము మొదట చూడవలసినది కాలువలోని నీరు.

కనుక వార్త విన్నపుడు మూడు ప్రశ్నలు వేరువేరుగా అడుగుడు: చెప్పినమాట నిజమా? ఎవరికి చెప్పెను? చోటిచ్చినవానికేమి లాభము? మూడవదానితో మొదటిదానిని కప్పిపుచ్చువారు అన్ని దేశములందును కలరు. వారి మాటకు లోబడకుండుటయే ప్రజల వివేకము.