పాటకు పట్టా ఎవరిది?

(భోగాపురంలో జరిగిన గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సందర్భమున పాటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. పాటల మాధుర్యము మీకు తెలియనిది కాదు. అయితే పాట అచ్చయి, రికార్డయి, బజారుకు వెళ్లిన తరువాత దాని సంగతి ఏమగునో మనలో చాలమందికి తెలియదు. మేమును తెలియకనే నష్టపోయినాము. ముందుగా ఆ సంగతి మనవి చేసికొందుము.

మా సంఘములో ఒక మాస్టారుగారు ఉండేవారు. పగలు బడి, సాయంకాలము హార్మోనియము. ఆయన వ్రాసి బాణీ కట్టిన తొమ్మిది పాటలను 1998లో మా గాయక బృందము క్యాసెట్టుగా పాడినది. క్యాసెట్టు వేసిన వ్యాపారి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితమొకటి ముందుంచగా మాస్టారుగారు చదువకుండనే సంతకము చేసినారు. సాక్షులము మేమే. ప్రతిఫలముగా నలభై క్యాసెట్లు ఇచ్చినారు. ఆ దినము మాకు పండుగే.

మాస్టారుగారు ప్రభువునందు నిద్రించిన పిమ్మట ఆ పాటలు వేరొకరి పేరుతో పుస్తకమునకెక్కినవి. కొన్నాళ్లకు క్రిస్మసు కూడికలో మేము పాడిన ఆయన పాటనే అంతర్జాలములో పెట్టగా, ఇది మీది కాదని నోటీసు వచ్చినది. అది విని మాస్టారుగారి భార్య, "ఆయన పాట ఆయనది కాకుండా ఎలా పోయింది బాబూ?" అని అడిగినారు. మాయొద్ద జవాబు లేదు.

ఆ కాగితము పట్టుకొని విజయనగరంలో ఒక ప్లీడరుగారి యొద్దకు వెళ్లినాము. ఆయన మొదట చెప్పినది ఇది: పాటలో మూడు ఆస్తులున్నవి. సాహిత్యము వ్రాసినవారిది, బాణీ కట్టినవారిది, రికార్డు దానిని సొమ్ము పెట్టి తీయించినవారిది. నేల ఒకరిది, చెట్లు మరొకరివి అయిన తోట వంటిదన్నమాట.

రెండవ మాట: అమ్మకము వేరు, కౌలు వేరు. విమానాశ్రయము కొరకు భూములిచ్చిన ప్రాంతమువారము. పట్టా, అడంగలు, దస్తావేజు అనిన మనకు ఒకరు చెప్పవలెనా? సెంటు భూమి కాగితమును పదిమందికి చూపించుకొందుము. పాట కాగితమును మాత్రము చదువకుండ సంతకము చేయుదుము. పాటను శాశ్వతముగ వ్రాసి ఇచ్చుట క్రయము. ఇంత కాలమునకు, ఈ పనికి మాత్రమే వాడుకొనుమనుట కౌలు.

ఇక సంగీత ప్రచురణకర్త అనువాడు ఎవరు? పాట హక్కును రచయిత నుండి, స్వరకర్త నుండి తీసికొని, అడిగినవారికి అనుమతి ఇచ్చి, సొమ్ము వసూలు చేసి, తన వాటా ఉంచుకొని వారి వాటా వారికి పంపువాడు. ఆ సొమ్ము నాలుగు దారులలో వచ్చును: పుస్తకముగా అచ్చు వేసినప్పుడు, రికార్డు చేసినప్పుడు, బహిరంగముగా వినిపించినప్పుడు, సినిమా వంటి దృశ్యమునకు జోడించినప్పుడు.

వినిపించినందుకు సొమ్మేమిటని మనకు తోచవచ్చును. 1847లో పారిస్ నగరమున ఎర్నెస్ట్ బూర్జే అను స్వరకర్త ఒక కాఫీ హోటలులో కూర్చుండగా అక్కడ ఆయన పాటనే వాయించుచున్నారు. "నా పాటకు మీరు డబ్బు ఇయ్యలేదు, మీ పానీయమునకు నేనెందుకియ్యవలెను?" అని ఆయన బిల్లు కట్టలేదు. వ్యాజ్యము కోర్టుకెక్కి ఆయనే గెలిచినాడు. ఫలితముగా 1851లో ఫ్రాన్సులో రచయితల, స్వరకర్తల సంఘము ఏర్పడినది. మన దేశములో అట్టి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడినది. అయితే నిర్మాత డబ్బిచ్చి చేయించుకొన్న సినిమా పాటపై, వేరే ఒప్పందము లేనిచో, హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. 2012లో చట్టము సవరించిన తరువాతనే, సినిమాహాలులో చిత్రముతో పాటు వినిపించుటకు తప్ప మిగిలిన వాడుకలకు వచ్చు రాయల్టీలో రచయితకును స్వరకర్తకును సమాన వాటా స్థిరపడినది. ఆ వాటాను వారు వారసులకో అట్టి సొసైటీకో తప్ప వేరెవరికిని వదలుకొనుటకు వీలులేదు.

మన కీర్తనల సంగతి చూతము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట పైన రాగము, తాళము అచ్చు వేసియుండును. బాణీ మాత్రము తాతల నోటినుండి మనుమల నోటికి వచ్చినది. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించినారు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణానంతరము 50 సంవత్సరములు హక్కు ఉండెడిది. 1992లో దానిని 60 చేసినారు. కనుక చౌదరిగారి కీర్తనలు నేడు అందరివి. అయితే వాటిని ఎవరైన క్రొత్తగా రికార్డు చేసినచో ఆ రికార్డు వారిది. 1975లో మరణించిన రచయిత పాటకైతే 2035 డిసెంబరు 31 వరకు హక్కు ఉన్నది.

ఆరాధనలో పాడుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మతపరమైన కార్యములకు చట్టమే ఆ మినహాయింపు ఇచ్చినది. వివాహపు ఊరేగింపు కూడ అందులోనిదే. కాని ఇతరుల పాటలను పుస్తకముగా వేసి అమ్ముట, రికార్డు చేసి విడుదల చేయుట వేరు సంగతి. పండుగ పాటల పుస్తకమునకు రచయితల ననుమతి అడుగక మనమును తప్పు చేసియున్నాము. మనము నష్టపోయినప్పుడు మాత్రమే న్యాయమును తలచుట తగదు.

మా కాగితమేమైనదందురా? అందులో ఎన్ని సంవత్సరములకో, ఏ ప్రాంతమునకో వ్రాయలేదు. అట్లు వ్రాయనిచో అది ఐదు సంవత్సరములకు, భారతదేశమునకు మాత్రమేనని చట్టము చెప్పుచున్నది. కనుక సాహిత్యమును బాణీయు మాస్టారుగారి కుటుంబమునకు తిరిగి వచ్చినవి. ఆనాటి రికార్డు మాత్రము వ్యాపారిదే. మేము క్రిస్మసుకు పాడినది క్రొత్త పాడుట గనుక, ప్లీడరుగారి ఉత్తరముతో ఆ నోటీసు తొలగినది. హక్కు అమ్మినను రచయిత పేరు చెరపరాదు గనుక పుస్తకపు మరుముద్రణలో మాస్టారుగారి పేరు వేసినారు. పోయిన సొమ్ము రాలేదు. ఆ పుట చూచి అమ్మగారు కన్నీళ్లు తుడుచుకొన్నారు.

చివరిగా ఒక మనవి. ప్రతి సంఘములో బాప్తిస్మముల రిజిస్టరు ఉన్నది. దాని ప్రక్కన పాటల రిజిస్టరు ఒకటి పెట్టుదము. వ్రాసినవారెవరు, బాణీ ఎవరిది, ఎప్పుడు, ఎవరు పాడినారు, ఏ కాగితముపై సంతకమైనది, ఈ సంగతులు అందులో ఎక్కింతము. పాటను ఊరకే ఇయ్యదలచినవారు ఇయ్యవచ్చును. అయితే ఏమి ఇచ్చుచున్నామో తెలిసి ఇత్తము.