పందెమునకు పద్దు



మలక్‌పేట మైదానమున గుర్రములు పరుగెత్తు దినమున పందెగాండ్ర సొమ్ము ఏ దారిని పోవునో ముందుగా తెలియుట మేలు. టోటలైజేటరు పద్ధతిలో పందెముల సొమ్మంతయు ఒకచోట కూడును. అందుండి క్లబ్బు కమిషను, సర్కారు పన్ను తీసివేయగా మిగిలినదే గెలిచినవారికి పంచబడును. కావున పందెగాండ్రందరు కలిసి ఎన్నడును లాభపడజాలరు. నూటికి 20 రూపాయలు తరుగునని ఊహింపుడు. వేయి రూపాయలతో మొదలిడి, ప్రతిసారి మిగిలినదంతయు మరల ఒడ్డినచో, ఐదవ పందెము ముగియునప్పటికి సగటున 328 రూపాయలకు దిగును.

గుర్రపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గుర్రపు వంశము, రౌతు చాకచక్యము, మోయు బరువు ఎరిగినవానికి ఎరుగనివానికంటె మేలే. ఆ తీర్పు కమిషనును మాత్రము తగ్గింపలేదు! గెలుపుపై నూటికి 30 వంతున ఆదాయపు పన్నును కలదు. ఓడినదానిని అందులో తగ్గించుకొనుటకు వీలులేదు.

పోయినది రాబట్టుటకై పందెమును రెట్టింపు చేయువారు కలరు. 10, 20, 40 - ఇట్లు వరుసగా ఆరుమారులు ఓడినచో పోయినది 630 రూపాయలు. ఏడవమారు 640 వేయవలెను. రూపాయికి రూపాయి లాభముగా గెలిచినను మిగులునది పది రూపాయలే. ఆ పదికై 1270 రూపాయలు బయట పెట్టినట్లయినది.

జీతము అందిన దినముననే అద్దె, బియ్యము, పిల్లల ఫీజు, పొదుపు వేరుచేయవలెను. వినోదమునకు మిగిలినదానిలోనే పందెమునకు చోటు. అది సినిమా టిక్కెట్టు వంటి ఖర్చు గాని పెట్టుబడి కాదు. గెలుపును పదిమందికి చెప్పువాడు ఓటమిని పద్దులోనైనను వ్రాయడు; ఆ పద్దును గృహిణి చూడవలెను. ధర్మరాజు ద్రౌపదిని ఆమె ఎరుగకయే ఒడ్డినాడు. పిల్లవాని ఫీజును ఇంట తెలియకుండ ఒడ్డు గుమాస్తా చేయునదియు అదియే.

ప్రావిడెంటు ఫండు అడ్వాన్సు, సహకార సంఘపు అప్పు పందెమునకు తగవు. ఉద్యోగి అలవాటుగా ఋణములలో చిక్కుకొనకుండ సొంత వ్యవహారములు నడుపుకొనవలెనని 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తన నియమావళిలోని 17వ నియమము విధించుచున్నది. సెల్‌ఫోనులో ఆడు డబ్బు ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది.

ఇంత తెలిసియు మానజాలనివారు ఉందురు. అట్టివారు సిగ్గుపడి దాచుటకంటె ఇంటివారితో చెప్పి, వైద్యుని చూచుట మంచిది. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసినను ఉచితముగా సలహా లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును.