పురిటింటి రాత్రులు



నేడు నేను ప్రసంగింప దలచిన విషయము రచ్చబండపై చర్చకు వచ్చునది కాదు. క్రొత్తగా ప్రసవించిన తల్లి రాత్రివేళ తన పసికందును ఎట్లు కాచుకొనుచున్నది, ఆ తల్లిని ఎవరు కాచుచున్నారు అనునదే యా విషయము. "ఇది ఆడువారి మాట, మనకేల?" అని కొందఱనవచ్చును. కాని మనము పురిటిగది గడప కీవలనే కూర్చుండినను, ఆ గదిలో జరుగువానిలో సగము మన మాటవలననే జరుగును. బాలింత యెచట పడుకొనవలయును, ఆమెకు తోడెవ్వరు, బిడ్డ నోటిలో మొదట నేమి వేయవలయును, నడిరేయి బిడ్డకు జబ్బుచేసిన వెంటనే ఆసుపత్రికి పోవలయునా, తెల్లవాఱువఱకు ఆగవలయునా, ఈ నిర్ణయములన్నియు ఇంటి పెద్దలవియే. కావున ఈ ప్రసంగము మీకొఱకే.

తల్లిప్రేమ సహజమని అందఱు నందురు. పగలెల్ల పనిచేసి యలసిన స్త్రీ, ఉఱుము ఉఱిమినను లేవనిది, ప్రక్కనున్న బిడ్డ కదలినంతనే కన్ను తెఱచుట మన యిండ్లలో మీరందఱు చూచినదే. ఇందు శరీరధర్మము కొంత కలదు. పాలు పుట్టించుటకు కారణమైన ప్రోలాక్టిన్ అను రసము తల్లి రక్తమున పగటికంటె రాత్రి నిద్రవేళ ఎక్కువగా నుండును. కావున తొలిదినములలో రాత్రిపూట స్తన్యమిచ్చుట మానినచో పాలు తగ్గుటకు దారి యేర్పడును. బిడ్డయు తల్లిని కొంత యెఱిగియే పుట్టును. 1980లో అమెరికా దేశమున డికాస్పర్, ఫైఫర్ అను శాస్త్రజ్ఞులు, పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు పరస్త్రీ కంఠముకంటె తల్లి కంఠమునే వినగోరుదురని పరీక్షించి చూపిరి. గర్భమున నున్నపుడు విన్న ధ్వని యది.

అయినను ఇంతమాత్రముననే తల్లికి సర్వమును పుట్టుకతో వచ్చినదనుట తగదు. 2013లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు, అనేక శిశువుల యేడుపులు వినిపించి, వానిలో తమ బిడ్డ యేడుపేదో గుర్తింపుడని తల్లులను, తండ్రులను కోరిరి. దినమునకు నాలుగు గంటలకు తక్కువ కాకుండ బిడ్డతో గడపు తండ్రులు తల్లులతో సమానముగా గుర్తించిరి. అంతకు తక్కువ గడపువారు వెనుకబడిరి. అనగా ఆ చెవి కేవలము పుట్టుకతో వచ్చినది కాదు, బిడ్డతో మెలగుటచే వచ్చినది. నేను చిరకాలము బడిలో పిల్లలచే ఓనమాలు దిద్దించినవాడను. నాలుక అందఱకు నున్నది. అక్షరము స్పష్టముగా పలుకుట మాత్రము అభ్యాసమున వచ్చును. తల్లితనమును అట్టిదే. విత్తనము ప్రకృతి యిచ్చును, నీరు పెట్టుట ఇంటివారి పని.

తొలిచూలు బాలింతకు బిడ్డ యేడుపు ఆకలిచేతనో, తడిచేతనో, కడుపునొప్పిచేతనో మొదటినాడు తెలియదు. కొన్ని వారములకు తెలియును. ఆ నేర్చుకొను కాలమున ఆమెకు వలసినది సాయము గాని నింద కాదు. "తల్లి గదా, అన్నియు నామెకే తెలియును" అని మనము తొలగిపోవుట గౌరవముగా తోచును. నిజమునకు అది భారమంతయు నొక్కతెపై వేసి తప్పించుకొనుటయే.

బిడ్డ రాత్రి యేల యేడ్చును? గర్భమున పగలు రేయి యను భేదము వానికి తెలియదు. పుట్టినపిదప రెండు మూడు నెలలకు గాని ఆ భేదము దేహమునకు అలవడదు. కడుపు మిక్కిలి చిన్నది, పాలు త్వరగా జీర్ణమగును. అహోరాత్రములలో ఎనిమిది మొదలు పండ్రెండు మాఱులు స్తన్యము కోరుట ఆరోగ్యవంతుడైన శిశువు లక్షణము. అడగనిదే అమ్మయైన పెట్టదని సామెత కలదు గదా! ఆ పసివాడు అడుగుట కున్న భాష ఏడుపొక్కటే. దానిని విని, దిష్టి తగిలినదనియు, తల్లికి పాలు చాలవనియు తీర్మానించి, పోతపాలు పట్టుట తఱచు జరుగుచున్నది. పోతపాలు హెచ్చిన కొలదిని బిడ్డ తల్లి రొమ్ము కుడుచుట తగ్గును. కుడుచుట తగ్గిన కొలదిని పాలును తగ్గును. పిదప "చూచితిరా, పాలు లేవు" అందురు.

మన పూర్వులు ఈ విషయమున ఎఱిగినది తక్కువ కాదు. తొలికాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుట, బాలింతకు ఇంటిపని చెప్పకుండుట, అనుభవము గల యొక పెద్దముత్తైదువ ఆమె ప్రక్కనే చాప వేసికొని పడుకొనుట, ఇవి యన్నియు చక్కని యేర్పాటులు. చరకసంహిత శారీరస్థానమున, ప్రసవించు స్త్రీ చెంత పలుమాఱులు ప్రసవించిన యనుభవము గలవారును, స్నేహభావము గలవారును ఉండవలెనని విధింపబడినది. బిడ్డ యేడ్చినను, మాట వినకున్నను, వానిని వెఱపింపరాదనియు అచటనే చెప్పబడినది. బూచివాని పేరు చెప్పి నోరు మూయించు అలవాటు గలవారు దీనిని గమనింతురు గాక.

అయితే విడువదగిన యలవాటులును కొన్ని కలవు. నేటికిని కొన్ని యిండ్లలో ముఱ్ఱుపాలు చెడ్డవని పితికి పారవేయుదురు. గేదె యీనినపుడు తొలిపాలు త్రాగని దూడ బ్రదుకదని మన దివిసీమ రైతు నెవ్వ డెఱుగడు? దూడకు త్రాగించినపిదపనే జున్ను వండుకొందుము. దూడపట్ల నున్న వివేకము మనుమనిపట్ల ఉండవలదా? పసుపువన్నె గల ఆ చిక్కని పాలలో రోగములను ఎదుర్కొను శక్తి నిండియున్నది. పుట్టిన గంటలోపలనే స్తన్యము పట్టవలెననియు, ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరైనను పోయవలదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కావున పసికందుకు ఉగ్గు, ఆముదము, వస మొదలగునవి పోయుట మానవలయును.

తేనె సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. అందుండగల యొక సూక్ష్మజీవి పెద్దలను బాధింపదు గాని శిశువు ప్రేగులలో విషమును పుట్టింపగలదు. ఏడాది నిండువఱకు నాకింపరాదని వైద్యుల మాట. జాతకర్మమున తేనె, నేయి నాకించు విధి కలదు గదా యని నాతోడి పండితులు ప్రశ్నింతురు. ఆ విధి యుద్దేశము శిశువున కాయుర్వృద్ధియే. మంత్రము పఠించి, ద్రవ్యమును చూపి విడుచుటలో దోషము లేదని నా యభిప్రాయము.

బాలింతకు నీరు తగ్గించి, దాహముతో నుంచుటయు తగదు. ఆమె దప్పి తీఱ త్రాగవలయును. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుట ప్రాణాపాయకరము. అందుండి వెలువడు విషవాయువునకు వాసన లేదు, నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. బిడ్డకు వెచ్చదనము కావలసిన తల్లి రొమ్మును మించిన కుంపటి లేదు. 1970ల చివర కొలంబియా దేశపు బొగొటా నగరమున, నెలలు నిండక పుట్టిన శిశువులను తల్లి రొమ్ముకు చర్మము చర్మమునకు తగులునట్లు కట్టి యుంచు పద్ధతి నారంభించిరి. నేడది లోకమంతట వ్యాపించినది. నిద్రపుచ్చునపుడు బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలయును, బోరగిల వలదు. పక్క సమముగా నుండవలయును. ఆవాల దిండైనను, బూరుగుదూది దిండైనను ముఖము దగ్గఱ ఉండరాదు. చుట్ట కాల్చు పెద్దలు ఆ గదికి దూరముగా కాల్చుకొందురు గాక, మానినచో మఱియు మేలు.

మన ప్రాంతపు రాత్రులకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైన నాటనుండి మన భూములు నీటితో పండినవి, నీటితోపాటు దోమలును పండినవి. గుడివాడ ప్రక్కల వరిచేల నడుమ ఇల్లున్నవారు బిడ్డకు దోమతెర కట్టక నిద్రింపరాదు. పొగ వేయుటకంటె తెర మేలు. నాగాయలంక, కోడూరు ప్రక్కల మత్స్యకారుల యిండ్లలో పురుషులు రాత్రి వేటకు పోవుదురు, బాలింత యొంటిగా మిగులును. అట్టియింటికి ఇరుగుపొరుగువారే ఇంటివారు కావలయును. ఇక సముద్రము మాట. 1864 నవంబరు 1వ తేది బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19వ తేది ఉప్పెన దివిసీమను ఏమి చేసినదో మీలో పలువురు కన్నులార చూచినారు. తుపాను వార్త వినినంతనే, నెలలు నిండినవారిని, పసికందుల తల్లులను ముందుగా మెఱకకు, ఆసుపత్రి గల యూరికి చేర్చుట పెద్దల కర్తవ్యము. రాత్రి గాలి లేచినపిదప చేర్చ వీలుకాదు.

ఇపుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట చెప్పెదను. పసిబిడ్డ ప్రాణము తీయు మాట యొకటి మన యిండ్లలో కలదు. "తెల్లవాఱనిండు, చూతము" అనునదే యామాట. బిడ్డ పాలు కుడువకున్నను, ఒళ్ళు చల్లబడినను, కాలినను, నిమిషమునకు అఱువది మాఱులో అంతకు మించియో ఊపిరి తీయుచున్నను, ఊపిరితో డొక్కలు లోనికి పోవుచున్నను, ఫిట్సు వచ్చినను, అఱచేతులు అఱకాళ్ళు పచ్చబడినను, లేపినను లేవక సోలిపోవుచున్నను, ఆ క్షణముననే బయలుదేఱవలయును. 108 సంఖ్యకు టెలిఫోను చేసిన ఏవేళనైనను బండి వచ్చును. గుడివాడలోను, అవనిగడ్డలోను ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. మచిలీపట్టణమున ఆసుపత్రితోపాటు 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాలయు కలదు. కాన్పు ఆసుపత్రిలో జరిగినను, ఆశా కార్యకర్త మూడవనాడు మొదలు నలుబదిరెండవనాటి లోపల ఆఱుమాఱులు ఇంటికి వచ్చి బిడ్డను చూడవలెనని యేర్పాటు కలదు. ఇట్టి యేర్పాటునకు మార్గము చూపినది మహారాష్ట్రమందలి గడ్చిరోలిలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు చేసిన కృషి. చదువు కొలదిగా వచ్చిన గ్రామస్త్రీలకు శిక్షణ యిచ్చి, ఇండ్లలోనే నవజాత శిశువులను కాపాడించి, నవజాత శిశుమరణములు సగమునకు మించి తగ్గెనని వారు 1999లో ప్రకటించిరి. ఆమె వచ్చినపుడు "మాకు తెలియనిదా?" యని గుమ్మముననే పంపివేయకుడు.

బిడ్డ దేహమును గుఱించి చెప్పితిని. తల్లి మనస్సును గుఱించియు చెప్పక తప్పదు. కాన్పైనపిదప కొందఱు తల్లులకు కారణము తెలియని దుఃఖము కలుగును. బిడ్డను చూచిన సంతోషము పుట్టదు. నిద్రకు వీలున్నను నిద్ర పట్టదు. మన దేశమున జరిగిన పరిశీలనలను కూర్చి 2017లో లెక్కింపగా, ఇట్టి బాధ సుమారు ఐదుగురు బాలింతలలో ఒకతెకు కలదని తేలినది. ఇది వ్యాధి, దుర్గుణము కాదు, దయ్యము కాదు. నిద్రలేమి దీనిని పెంచును. "ఏ తల్లియైన ఇట్లుండునా?" అను మాట అట్టి స్త్రీకి చెవిలో సీసము పోసినట్లుండును. తల్లిప్రేమ సహజమను సత్యమును కొరడాగా చేసికొని ఆమెను కొట్టరాదు. ఆ దుఃఖము రెండు వారములు దాటినను తగ్గనిచో వైద్యునికి చూపవలయును. మతి చలించిన మాటలు వినబడినచో అదేనాడు చూపవలయును.

ఇక మనము చేయదగిన దేమి? కాలువనీటి వంతు మీకు క్రొత్త కాదు. వంతు రాత్రి వచ్చినచో లాంతరు పట్టుకొని చేనికి పోయి గట్టు కాచితిరి. పదునైదు దినములు వరుసగా ఒక్కడే కాచెనా? అన్నదమ్ములు, పాలేరు, పొరుగు రైతు జాములు పంచుకొనిరి గదా! బిడ్డ రాత్రులును అట్లే పంచుకొనవలసినవి. స్తన్యమిచ్చుట ఒక్కటే తల్లి తప్ప ఇతరులు చేయరానిది. బిడ్డను ఆమె కందించుట, పాలు త్రాగినపిదప భుజముపై వేసికొని త్రేన్చువఱకు వీపు నిమురుట, తడిసిన పొత్తిగుడ్డలు మార్చుట, ఊరక యేడ్చు బిడ్డను ఎత్తుకొని వసారాలో తిరుగుట, ఇవి యన్నియు తండ్రి చేయవచ్చును, అత్త చేయవచ్చును, తాతయు చేయవచ్చును. పగటివేళ చుట్టములు బిడ్డను చూడవచ్చినపుడు, తల్లి నిద్రించుచున్నచో ఆమెను లేపవలదని చెప్పు అధికారము మీకున్నది.

దివిసీమలో నే నెఱిగిన యొక కుటుంబమున ఒక తాతగారు కలరు. వయస్సు డెబ్బది దాటినది, నాలుగవ జామున ఎట్లును నిద్ర పట్టదు. కోడలు ప్రసవించినపుడు ఆయన ఒక నియమము పెట్టుకొనెను. కోడి కూయగానే చేతులు కడుగుకొని, బిడ్డ పాలు త్రాగినపిదప తాను తీసికొని, తెల్లవాఱువఱకు వసారాలో ఒడిలో నుంచుకొనెడివాడు. ఆ రెండు గంటలును కోడలు నిశ్చింతగా నిద్రించెడిది. ఊరివారు మొదట నవ్విరి. మఱుసటి యేట ఆ వీధిలోనే మఱి యిద్దఱు తాతలు వసారాలలో కనబడిరి.

మనవయస్సువారికి తెల్లవాఱుజామున నిద్ర రాదు. ఆ మెలకువకు పని చూపింపగల మనుమడో మనుమరాలో ఇంటనున్నచో, ఈ రాత్రినుండియే మీ వంతు అడిగి తీసికొనుడు.