సూరతు తెలుగు నేతకారుల వంశక్రమము – దాని ఆధారములు



సూరతు నగరమందలి ప్రాచీన కట్టడములలో ఆంగ్లేయుల, డచ్చివారి సమాధులు ముఖ్యమైనవి. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెను, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జి ఆక్సెండెను ఇచ్చటనే ఖననము చేయబడిరి. ఆంగ్లేయులు సూరతులో 1613లో వర్తకశాలను స్థాపించిరి. అచ్చటినుండి వారు వ్రాసిన ఉత్తరములు, లెక్కలు అనేకము లండనులో నేటికిని భద్రముగా నున్నవి. 1709 మొదలు బొంబాయి అధికార పరిధిలోని క్రైస్తవుల నామకరణ, వివాహ, ఖనన పట్టికల ప్రతులు గూడ అచ్చటనే కలవు. కావున నాటి కంపెనీ ఉద్యోగి వంశీయుడు నేడు తన పూర్వుని జాడ వెదకదలచినచో అతనికి కాగితము దొరకును.

ఆ కంపెనీయే 1611లో మచిలీపట్టణమందు గూడ వర్తకశాలను పెట్టి తెలుగు నేతకారుల వస్త్రములను కొనసాగెను. ఆ లెక్కలలో వస్త్రముల రకములు కలవు, ధరలు కలవు. వాటిని నేసినవాని పేరు మాత్రము మిక్కిలి అరుదు. వర్తకుని వంశము కాగితముపై నిలిచినది. నేతకారుని వంశము నోటిమాటపై నిలిచినది.

ఇరువదవ శతాబ్దిలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు మరమగ్గముల పనికై సూరతునకు వచ్చి స్థిరపడినవి. వారి పిల్లలకై సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను గూడ నడుపుచున్నది. ఆ కుటుంబములలో మూడవ తరమువాడు తన పూర్వుల జాడ తెలిసికొనగోరినచో ఎచ్చట మొదలిడవలెను?

మొదటి ఆధారము ఇంటి పెద్దలు. ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము – ఈ మూడింటిని వారి నోటినుండియే గ్రహింపవలెను. గోత్రము మాత్రమే తెలిసిన ప్రయోజనము స్వల్పము. ఒకే గోత్రమువారు వందల గ్రామములలో నుందురు. ఇంటిపేరు కొంత అధికముగా చెప్పును. చిట్యాల, సిరిపురము వంటి ఇంటిపేర్లు గ్రామనామములు. ఒక ఊరిలో నున్నవారిని ఆ ఊరి పేరుతోనే పిలుచుట అరుదు. ఆ ఊరు విడిచి వేరొక ఊరు చేరినవారికే ఆ పేరు వచ్చును. అనగా సూరతునకు వచ్చుటకు ఎన్నియో తరములకు ముందే ఆ కుటుంబము ఒకసారి ఊరు మారినదని ఇంటిపేరే సాక్ష్యము చెప్పుచున్నది.

పూర్వము తెలంగాణమందు కూనపులివారు గ్రామగ్రామమునకు వచ్చి, చేర్యాల పటములు పరచి, పద్మశాలీలకు మార్కండేయ, భావనారుషుల కథలను చెప్పుచుండిరి. కులముయొక్క పుట్టుపూర్వోత్తరములు అట్లు వినికిడిగా నిలిచెను. గుజరాతులో వహీవంచా బారోట్లు అను వంశ లేఖకులు తమ యజమానుల ఇండ్లకు వచ్చి, పుట్టిన బిడ్డల పేర్లను వహీలలో వ్రాసికొనుట ఆచారము. నాసికము, కాశి, గయ మొదలగు క్షేత్రములలోని పండాల వహీలును ఇట్టివే. అస్థి నిమజ్జనమునకో, పిండప్రదానమునకో వెళ్లిన తెలుగువారు తమ ఊరిపేరు చెప్పి ఆ వహీలను విచారించుట మంచిది.

రెండవ ఆధారము పాఠశాల రిజిస్టరు. ఇందు బాలుని జన్మతేదీ, తండ్రి పేరు నమోదగును. గుజరాతీ పద్ధతిలో ఇంటిపేరు, తన పేరు, తండ్రి పేరు వరుసగా వ్రాయుదురు. అందుచే ఒక్క పంక్తిలోనే రెండు తరములు దొరకును. అయితే గుజరాతీ లిపిలో ఎ–ఏలకు, ఒ–ఓలకు భేదము వ్రాతలో కనబడదు. 'కొండ' అను ఇంటిపేరు మరల తెలుగులోనికి వచ్చునప్పటికి 'కోండ' కావచ్చును. 'రాజయ్య' పేరు 'రాజయ్యభాయి' కావచ్చును. వెదకువారు ఈ రూపములన్నిటిని చూడవలెను.

మూడవ ఆధారము స్వగ్రామపు రెవిన్యూ లెక్కలు. సర్వే అనంతరము సిద్ధమైన సేత్వారులోను, 1954–55 నాటి ఖాస్రా పహాణీలోను పట్టాదారుల పేర్లుండును. నిజాం కాలపు లెక్కలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరములతో నుండును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము తెలియును. భూమి లేని నేతకారుని పేరు వీనిలో నుండకపోవచ్చును. జనాభా లెక్కలను ఆశ్రయింతమన్నచో, 1948 నాటి చట్టము ప్రకారము వ్యక్తుల వివరములు రహస్యములు.

ఈ వెదకులాటకంతకును స్వగ్రామము పేరు తాళపుచెవి. జిల్లా పేరు మాత్రమే తెలిసిన చాలదు. తాత హైదరాబాదు రాష్ట్రమందు, తండ్రి ఆంధ్రప్రదేశమందు పుట్టియుండవచ్చును. 2014 నుండి ఆ ఊరు తెలంగాణములో నున్నది. కరీంనగరము జిల్లాలోని సిరిసిల్ల 2016లో వేరొక జిల్లాకు కేంద్రమైనది. రాష్ట్రములు, జిల్లాలు మారినను ఊరు మారలేదు.

కాగితము శాశ్వతమని నమ్ముటకును వీలులేదు. 1837లో సూరతు అగ్నికి ఆహుతియైనది. 1968లోను, 2006 ఆగస్టులోను తపతీనది నగరమును ముంచెత్తినది. ఇండ్లలోనికి నీరు చేరినపుడు పెట్టెలలోని పాత పత్రములకు రక్ష యేది? స్త్రీల విషయము మరింత శోచనీయము. తండ్రి పేరు, భర్త పేరు పత్రములందు నిలుచును. తల్లి పుట్టినింటి పేరు, ఆమె ఊరు చాలవరకు వ్రాయబడవు. అమ్మమ్మతో బాటు అర్ధవంశము మరపున పడుచున్నది.

కేంద్ర ప్రభుత్వోద్యోగి సెలవు ప్రయాణ సౌకర్యమునకై తన స్వస్థలమును కార్యాలయమునకు తెలుపును. ఆ ఒక్క నమోదు అతని మనుమలకు దారి చూపగలదు. మరమగ్గముముందు పన్నెండు గంటలు నిలుచువానికి అట్టి పుస్తకము లేదు. అక్షరము నేర్చిన తెలుగు ఉద్యోగులు ఒక్కొక్క సెలవుదినమున ఒక్కొక్క నేతకారుని ఇంటికి పోయి, ఇంటిపేరు, గోత్రము, గ్రామము, తల్లుల పుట్టినిండ్లు, సూరతునకు వచ్చిన సంవత్సరము ఒక కాగితముపై తెలుగులో వ్రాసి, రెండు ప్రతులు చేసి, ఒకటి ఆ ఇంటను, ఒకటి సంఘమందును ఉంచినచో చాలును. చెప్పగల వృద్ధులు ఉన్నపుడే ఆ పని జరుగవలెను.